కరుప్పితో పందెం

ఫోను చార్జరు బాగా వేడెక్కితే ఒక వాసన వస్తుంది. కాలీ కాలని ప్లాస్టిక్కు, దుమ్ము, ఆ వెనక ఎక్కడో సన్నగా కరెంటు కమురు. వేలూరులో మా ఇంటి హాల్లో మా అమ్మాయి నిత్య ఫోనును చార్జరుకు తగిలించి, వైరు చాలినంత మేర గోడకు ఆనుకుని ఆటలాడుతుంటే, వంటింట్లో ముళ్ల వంకాయలు కోసుకుంటున్న నాకు ఆ వాసన తగిలి చేతిలో కత్తి ఆగిపోతుంది. అందరికీ బాల్యం అంటే మల్లెపూలో, మామిడిపూతో, తొలకరి మట్టి వాసనో గుర్తొస్తాయట. పుస్తకాల్లో అలాగే రాస్తారు. నాకు మాత్రం కమిలిన అడాప్టరు వాసన వస్తే చాలు, నేను పుట్టి పెరిగిన గుడియాత్తం అంతా వచ్చి కళ్ల ముందు నిలబడుతుంది. దానికి నేనేం చేసేది!

మా వీధిలో తెల్లారకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. పొద్దు పొడిచేసరికి వీధి ఈ చివరినుంచి ఆ చివరికి లుంగీల పడుగులు చాచి కట్టేవాళ్లు. ఆ నూలు కింద వంగి, తల తగలకుండా బడికి పోవడమే మాకు రోజూ పొద్దున్నే మొదటి ఆట. రంగులు అద్దే ఇళ్ల ముందు కాలువలో నీళ్లు ఒకరోజు నీలంగా, ఒకరోజు వక్కాకు ఉమ్మిలాగా ఎర్రగా పారేవి. ఎండాకాలం వస్తే పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని బీడీలు చుడుతూ, మమ్మల్ని అగ్గిపెట్టెల గూళ్లు అంటించమని కూర్చోబెట్టేవాళ్లు. వేళ్లకు పట్టిన ఆ జిగురును పళ్లతో గీక్కుంటూ, మధ్యాహ్నం రాగి సంగటిలోకి పచ్చిమామిడికాయ పచ్చడి నంజుకుని, సాయంత్రం తాటిముంజల బండి వస్తే దాని వెనక పరిగెత్తేవాళ్లం. వీధి నిండా తెలుగు మాటే. బడి చదువంతా అరవంలోనే కాబట్టి తెలుగు అక్షరం చదవగలిగినవాళ్లు మాత్రం వెతికితే కూడా దొరికేవాళ్లు కాదు. నేను కూడా ఈ అక్షరాలు పెళ్లయ్యాక పట్టుదలకొద్దీ నేర్చుకున్నవే.

మా నాయన మేస్త్రీ. నడిపేటలో, నెల్లూరుపేటలో ఆయన కట్టని గోడ లేదని చెప్పుకునేవాడు. సగం నిజమే. ఆయన చొక్కా ఉతికినా సిమెంటు వాసన పోయేది కాదు. టీ గ్లాసుతో తాగేవాడు కాదు, టిఫిను డబ్బా మూతలో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. ఆయన తాపీ వాళ్ల నాయన చేతిది. చెక్క పిడి అరిగి అరిగి నాయన పిడికిలికి తప్ప ఇంకెవరి చేతికీ అమరేది కాదు. శుక్రవారం పొద్దున్నే అమ్మ దాన్ని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి దేవుడి పటాల పక్కన నిలబెట్టాక గానీ నాయన పనికి పోయేవాడు కాదు. పనిలో తగువొస్తే పంచాయితీ కూడా దాని దగ్గరే. సిమెంటు మూట మాయమైందన్నా, ఒకరి సామాను ఒకరు దాచారన్నా, 'తాపీ మీద చెయ్యి పెట్టు' అనేవాడు నాయన. అబద్ధమాడి తాపీ మీద చెయ్యి పెడితే కట్టిన గోడ వాడి మీదే పడుతుందని పనివాళ్ల నమ్మకం. ఎంత మొండివాడైనా అక్కడికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను చూశాను.

నాయనకు ఇంకో అలవాటుండేది. పందేలు కట్టించడం. పెద్ద ప్రహరీగోడ పని వస్తే మనుషుల్ని రెండు జట్లు చేసి, చెరొక కొస నుంచి మొదలుపెట్టించి, ముందు నడిమికి వచ్చిన జట్టుకు ఆంబూరు బిరియాని, ఓడినవాళ్లు సాయంత్రం దాకా నీళ్లు మొయ్యాలని చెప్పేవాడు. వాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ, పాటలు పాడుకుంటూ, ఎండ కూడా తెలియకుండా కట్టేసేవాళ్లు. నాయన చెట్టుకింద నులకమంచం మీద కూర్చుని ఇద్దరినీ ఎగదోసేవాడు. మేస్త్రీ ఎంత సరదా మనిషని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఎవరు గెలిచినా గోడ ఆయనదే కదా అని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా అక్క సుగుణ నాకంటే పెద్దది. బక్కపలచని మనిషి, పట్టిన పట్టు విడవదు. అందరూ నేలమీద ముగ్గు వేస్తే ఇది బొగ్గుముక్కతో ఇల్లు గీసేది. ఇక్కడ వంటగది, ఇక్కడ కిటికీ, తూర్పుగాలి ఇటు వచ్చి అటు పోవాలి అని తనలో తానే వాదించుకునేది. నాయనకు అన్నం క్యారియరు తీసుకెళ్లినప్పుడు, పని జరిగేచోట ఇటుకరాయి కింద పెట్టి ఉంచే ప్లాను కాగితం దగ్గర కూర్చుంటే అన్నం చల్లారిపోయేదాకా లేచేది కాదు. ఆ కాగితం వేలూరు నుంచి ఇంజనీరు గీసి పంపుతాడని తెలిసిన రోజునుంచీ దానికి ఒకటే ధ్యాస. పదో తరగతి కాగానే వేలూరు పాలిటెక్నిక్‌లో చేరాలి, ప్లాన్లు గీసే చదువు చదవాలి.

అడ్డం మా దామోదరం మామ. మా అమ్మకు తమ్ముడు. జోలార్పేట స్టేషను బయట టిఫిను అంగడి పెట్టుకుని, మా సుగుణక్కకంటే బాగా పెద్దవాడైనా పెళ్లి చేసుకోకుండా ఉండేవాడు. ఎవరికోసమో అందరికీ తెలుసు. అక్క పెద్దమనిషి అయినప్పుడు మామ పచ్చి కొబ్బరాకులతో గుడిసె కట్టించి, పట్టుచీర పెట్టి, పూలమాల వేసి, మేనమామ చెయ్యాల్సిన తాయిమామ మర్యాదలన్నీ చేశాడు. ఆనాటినుంచే చుట్టాలు అక్కను 'దాము పెండ్లాం' అని నవ్వులాటకు పిలిచేవాళ్లు. మామ చెడ్డవాడు కాదు. అదే చిక్కు. తాగుబోతో, తిరుగుబోతో అయితే కాదనడానికి ఒక మాటైనా ఉండేది. రైలు దిగి వస్తే మాకు మూటనిండా వేడివేడి మసాలా వడలు తెచ్చే మనిషిని ఏమని కాదనాలి!

ఇక కరుప్పి సంగతి. బజారువీధిలో బాలు అన్న టీవీ గేముల అంగడి పెట్టాడు. చీకటిగా ఉండే చిన్న గది, పాత టీవీలు, వాటికింద వేడెక్కి కమురుకంపు కొట్టే అడాప్టర్లు, వైర్ల మధ్య బిలబిలమంటూ పిలకాయలు. ఆ అంగడి పక్కనే నాయన మేడ కడుతున్నాడు కాబట్టి క్యారియరు వంకతో మేమిద్దరం దూరేవాళ్లం. ఆడపిల్లలం మేమిద్దరమే. అక్కడ గుర్రప్పందేల కేసెట్ ఒకటి ఉండేది. మన గుర్రం ఒక్కొక్క ఊర్లో గెలుస్తూ పోయి కడాపందెంలో, అంటే ఆఖరి పందెంలో, ఒక నల్ల గుర్రంతో పోటీపడాలి. నిగనిగలాడే నలుపు, నొసటన విభూతి రాసినట్టు తెల్లమచ్చ. పందెం మొదలుకాకముందు అది తల తిప్పి తెరలోంచి మనవైపే ఒకసారి చూస్తుంది. దాని పేరు ఏదో దేశపు రాతలో ఉండేది, ఎవరికీ చదవడం రాదు. అందుకని పిలకాయలు దానికి అరవంలో నల్లపిల్ల అని అర్థం వచ్చేటట్టు కరుప్పి అని పేరు పెట్టారు. మామూలు మొగపిల్లలు ఆ కడాపందెం దాకా పోవడమే గగనం. అక్క చేతికి ఆట అందితే కరుప్పి దాకా వెళ్లి తీరేది. అక్క ఆడుతుంటే అంగడి నిండిపోతుందని బాలు అన్న దానికి ఎప్పుడు అడిగినా ఊరికే ఆడనిచ్చేవాడు. అయినా ప్రతిసారీ ముక్కు మందంలో కరుప్పే ముందు.

పరీక్షలయిన ఎండాకాలం, ఒక రాత్రి అన్నాల దగ్గర అక్క నోరు తెరిచింది.

"నాయనా, నేను వేలూరికి పోయి ప్లాను గీసే చదువు చదవతా."

"చదివి? నువ్వు గీస్తే నేను కట్టేదా?" అని నాయన నవ్వాడు.

"ఆమా. నేను గీస్తే నువ్వు కట్టు."

అమ్మ గరిటె కింద పెట్టి, "దాము ఇంగ ఎన్నాళ్లు కాచుకోనుండేది?" అంది. నాయన చెయ్యి కడుక్కున్నాడు. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు, మర్నాడు తినలేదు. నాయనకు అక్కంటే ప్రాణం. అక్క తినకపోతే తాను కూడా టీ ముట్టకుండా పనికి పోయాడు.

ఆ సాయంత్రం నాయన బజారువీధి వైపునుంచి వచ్చాడు, చేతిలో వేడి వేరుశనగకాయల పొట్లం, మొహం కళకళలాడుతూ. "ఏమ్మా, బాలు అంగట్లో ఏదో నల్లగుర్రాన్ని ఓడిస్తానని తిరగతాండావంట? గంగమ్మ సిరసు పండగ లోపల దాన్ని గెలిచినావంటే నేనే నిన్ను తీసకపోయి వేలూర్లో చేరిపిస్తా. గెలవకపోతే ఇంగ ఆ మాట ఎత్తగూడదు. సరేనా?" అన్నాడు. అక్క నమ్మలేనట్టు చూసింది. నాయన లేచి, దేవుడి పటాల దగ్గరున్న తాపీని తెచ్చి అందరి ముందూ దానిమీద చెయ్యి పెట్టాడు. "సత్తెం. గెలిచినావంటే కండిప్పా పంపిస్తా, తప్పేది లేదు." అక్క కూడా ఆ చేతి మీద చెయ్యి పెట్టింది. అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. మేమందరం శనగకాయలు తిన్నాం, అక్క కూడా తిన్నది.

ఆ ఎండాకాలం నేను మరిచిపోలేను. డాబా మీద అక్క బొగ్గుతో ఆ పందెపు బాట అంతా గీసింది. ఇక్కడ మొదటి వంపు, ఇక్కడ చెరువు పక్క దారి, ఇక్కడ కరుప్పి లోపలి గీతకు జరుగుతుంది, ఇక్కడ మన గుర్రానికి ఆయాసం వస్తుంది అని గుర్తులు పెట్టింది. అరికాళ్లు కాలుతున్నా నన్ను కరుప్పిని చేసి ముందు పరిగెత్తించి, తను వెనక వచ్చేది. బొటనవేలికి వేగం రావాలని ఖాళీ అగ్గిపెట్టె మీద టకటకా నొక్కుతూ నిద్రపోయేది. కరుప్పిని ఎవరూ గెలవలేరేమో అక్కా అని నేనంటే దానికి ఎక్కడలేని కోపం వచ్చింది. "కట్టినోడు యాడో ఒకచోట వాకిలి పెట్టకుండా ఉంటాడా? వాకిలి లేని ఇల్లు ఎవడైనా కడతాడా?" అంది. మేస్త్రీ కూతురు కదా. దేన్ని చూసినా ఎవరో కట్టినదే, కట్టిన దేనికైనా లోపలికి దారి ఉంటుందనే దాని నమ్మకం.

గంగమ్మ సిరసు రోజు వచ్చింది. తండ్రి మాట కోసం కొడుకు తల్లి తల నరికిన కథ మా ఊర్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ అమ్మవారి సిరసును పెద్ద పూల అలంకారంతో ఎత్తుకుని వీధివీధీ తిప్పి, గుడిలో వేరే మొండేనికి అతుకుతారు. పొద్దున్నే పంబల మోత, అంబలి కుండలు, వేపాకు, కర్పూరం పొగ. టెంకాయలు ఒక్కొక్కటి కాదు, కుప్పలు కుప్పలుగా కొట్టి పారేస్తుంటే వీధి అంతా కొబ్బరి నీళ్ల జిగట. ఊరు ఊరంతా ఆ గుంపులో ఉంటే అక్క బాలు అన్న అంగట్లో ఉంది. కొత్త పరికిణీ కట్టుకుని, తలస్నానం చేసి, తల కూడా ఆరకుండా వచ్చి కూర్చుంది. నేను పక్కన. సిరసు అంగడి ముందు నుంచి పోయేటప్పుడు అక్క కూర్చున్నచోటి నుంచే దణ్ణం పెట్టి మళ్లీ తెర వైపు తిరిగింది.

ఎన్నిసార్లు ఆడిందో నాకు లెక్క తెలియదు. సాయంత్రం నాయన వచ్చి మా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది చివరి ఆట అని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. అక్క అంత బాగా ఆడడం నేనెప్పుడూ చూడలేదు. చివరి వంపు దగ్గర కరుప్పిని దాటింది. పిలకాయలు కేకలు పెట్టారు. నేను ఎగిరాను. గెలుపు గీత కనబడుతుండగా, ఎక్కడనుంచి వచ్చిందో కరుప్పి గాలిలా వచ్చి ముక్కు ముందు పెట్టేసింది.

అక్క ఏడవలేదు. "వంపు కాడ తొందరపడినా నాయనా. తప్పు నాదే," అంది. నాయన దాని తలమీద చెయ్యి పెట్టి, "పోనీలేమ్మా. బాగనే ఆడినావు," అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! దారిలో ఇద్దరికీ బొరుగుల మసాలా కూడా కొనిచ్చాడు.

ఎండలు తగ్గి ఆవణి నెల రాగానే అక్కకూ మామకూ పెళ్లయింది. జోలార్పేట వెళ్లిపోయింది. నేను పదో తరగతి పాసయ్యాక నాయన ఏ పందెమూ కట్టకుండానే నన్ను వేలూరుకు పంపించాడు. బీఎడ్ దాకా చదివించాడు, ఇప్పుడు ఇక్కడే బడిలో లెక్కలు చెబుతున్నాను. నా తెలివి చూసి పంపాడనుకునేరు. మా అమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. నా వంతు వచ్చేసరికి మామ మిగల్లేదు, అంతే. నాయన పోయినప్పుడు ఆ ఇంట్లోంచి అక్క కోరి తీసుకుపోయింది ఆ తాపీ ఒక్కటే. మాట మీద నిలబడిన మనిషి చేతిదని కళ్లకద్దుకుని తీసుకుపోయింది.

ఈ మధ్య ఒక ఆదివారం నిత్య ఫోనులోంచి తెలిసిన డెక్కల చప్పుడు వినబడితే వెళ్లి చూశాను. పాత ఆటల్ని ఫోన్లలోకి తెస్తున్నారట. నల్ల గుర్రం తల తిప్పి నావైపు చూసింది. అదే తెల్లమచ్చ. నిత్య ఓడిపోయి, "ఇది గెలవడానికి లేదమ్మా, ఇక్కడే రాశారు చూడు," అని చదివి వినిపించింది. ఏదో దేశంలో నిజంగానే అలాంటి నల్ల గుర్రం ఉండేదట. పరిగెత్తిన ఏ పందెంలోనూ ఇంకో గుర్రాన్ని తన ముందు పోనివ్వలేదట. కడాపందెంలో ముందు పరిగెత్తుతూనే కాలు విరిగి, బతకదని వాళ్లే చంపేశారట. దాన్ని చూస్తూ పెరిగినవాళ్లు ఈ ఆట తయారుచేస్తూ, ఇక్కడైనా అది ఎవరిచేతా ఓడిపోకూడదని, ఎంత బాగా ఆడినా అదే ముందు వచ్చేటట్టు కట్టారట. కట్టినవాళ్లు కావాలనే వాకిలి పెట్టలేదు.

నాయన కూడా మాలాగే మోసపోయాడనుకున్నాను మొదట. ఎందుకో మనసొప్పక ఆ వారమే గుడియాత్తం వెళ్లాను. వీధిలో పడుగులు లేవు, మగ్గాల చప్పుడు ఎక్కడో ఒక ఇంట్లోంచి. మేము గూళ్లు అంటించిన అరుగులు కొట్టేసి బండ్లు నిలిపే షెడ్లు వేశారు. బాలు అన్న అదే గదిలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నాడు. నేను సంగతి చెప్పగానే నవ్వాడు.

"అది నాకు అప్పుడే తెలుసు గదమ్మా. మద్రాసులో కేసెట్ ఇచ్చినోడే చెప్పినాడు. చెప్తే పిలకాయలు ఆడరని గమ్మునుండిపోతిని."

"నాయనకు తెలీదు కదన్నా?"

"మేస్త్రీకా? ఆయనే వచ్చి అడిగె. దాన్ని ఎవరైనా గెలిచేదానికి అవుతాదా అని. లోకంలో ఎవురివల్లా కాదు మేస్త్రీ అంటిని. సరే సరే అని నవ్వుకుంటా, వేరుశనగకాయలు కట్టించుకోని పోయినాడు."

ఆ పొట్లం వేడి ఇన్నేళ్ల తర్వాత నా అరచేతికి తగిలినట్టయింది. నాయన తాపీ మీద అబద్ధం చెప్పలేదు. గెలిస్తే పంపిస్తానన్నాడు, నిజంగానే పంపేవాడేమో. గెలవదని తెలుసుకుని వచ్చి చెయ్యి పెట్టాడు. కూతురి ముందు మంచివాడిగానే ఉండిపోయాడు. తప్పంతా దాని బొటనవేలి మీదికి నెట్టేశాడు. చచ్చిన మనిషి మీద ఇంత కోపం రావచ్చా అంటే, నాకు వచ్చింది. ఇంకా పోలేదు.

మర్నాడు జోలార్పేట రైలెక్కాను. అంగట్లో మామ పొట్లాలు కడుతున్నాడు, అక్క లోపల పెనం ముందు. నన్ను చూసి చేతులు తుడుచుకుని, ఫోనులో కరుప్పిని చూడగానే చిన్నపిల్లలా నవ్వి లాక్కుంది. నూనె మరకల వేళ్లతో ఆడింది. ఇన్నేళ్లయినా ఆ చేతికి ఒక్క వంపూ మరపు రాలేదు. ముక్కు మందంలో ఓడింది.

"సూడు, మళ్లా ఆ వంపు కాడనే తొందరపడితి. నా పిల్లోళ్లకు కూడా ఇదే చెప్తా. నిదానం లేకనే నా చదువును నేనే పోగొట్టుకుంటినని."

ఆ మాట వినకపోయి ఉంటే చెప్పకుండానే తిరిగి వచ్చేదాన్నేమో. చెప్పేశాను. గుర్రం సంగతి, బాలు అన్న సంగతి, అన్నీ. పెనం మీద దోసె మాడుతోంది. అక్క దాన్ని చూడలేదు.

"నాయన బాలు అన్నను అడిగింది పందెం కట్టేదానికి ముందా, తర్వాతనా?" అంది.

"ముందే."

అక్క లేచి గోడ దగ్గరికి వెళ్లింది. దేవుడి పటాల పక్కన, ఆ పొద్దు పెట్టిన కుంకుమతో తాపీ నిలబడి ఉంది. నాయన పిడికిలికి అరిగిన ఆ పిడి అక్క చేతికి కూడా అమరలేదు, రెండుసార్లు తిప్పి పట్టుకుంది. కొంగుతో పసుపూ కుంకుమా తుడిచేసింది. వచ్చి పెనం ముందు కూర్చుని, ఆ తాపీ అంచుతో మాడిన దోసెను గీకడం మొదలుపెట్టింది. మామ తొంగి చూసి, "అయ్యో, అది మేస్త్రీది గదే!" అన్నాడు. అక్క తల ఎత్తలేదు.

"బాగనే గీకతాండాది," అంది. "ఇన్నాళ్లూ ఊరికే పెట్టుకోనుంటిని."